స్తమేనా కుడిచెయ్యి

మా పీరోత్ ఊళ్ళో ఎవరినైనా ఆపి స్తమేనా గురించి అడగండి. ముందు ఆవిడ చేసే సాసేజీల గురించి చెబుతారు, తర్వాత ఆవిడ నోటి గురించి చెబుతారు. రెండూ ఘాటే. నేను ఆవిడ తోటికోడల్ని, దోబ్రిలాని. వరసకి పెద్దదాన్ని నేనే. అయితే ఏం లాభం, ఇంట్లో చెల్లుబాటయ్యేది ఆవిడ మాటే. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చలి మొదలవగానే మా ఇంట్లో పని మొదలవుతుంది. మేక మాంసం, గొర్రె మాంసం, గొడ్డు మాంసం తెచ్చి, కొవ్వన్నది కనబడకుండా ఏరి, ఎండుమిరప కారం, వెల్లుల్లి కలిపి పేగుల్లో కూరి, గుర్రపు లాడంలా వంచి అటక మీద వేలాడదీస్తాం. అక్కడితో అయిపోతే ఎవరైనా చేస్తారు. రోజు విడిచి రోజు వాటిని దించి, చెక్కబల్ల మీద పరిచి, గాజుసీసాతో నొక్కి నొక్కి చదును చెయ్యాలి. లోపల గాలి బుడగ ఒక్కటి మిగిలినా అక్కడే బూజు పడుతుంది. మా వాళ్ళు దాన్ని ఇస్త్రీ చెయ్యడం అంటారు. నెలరోజులకు పైగా ఇదే తంతు. నొక్కేటప్పుడు బలమంతా కుడి భుజంలోంచి రావాలి. నొక్కాక సాసేజీలు తగిలించిన కర్రల్ని తలపైకెత్తి మళ్ళీ దూలాలకు ఆనించాలి. స్తమేనా ఒకదాని తర్వాత ఒక కర్ర ఎత్తుతూ పక్కింటావిడతో దెబ్బలాడగలదు. నేను ఒక కర్ర ఎత్తి నడుం పట్టుకుని కూర్చుంటాను.

ఆ సాసేజీలకి గాలి కావాలి. స్తారా కొండ మీంచి దిగే చలిగాలి అటక మీద ఈ చివరి నుంచి ఆ చివరికి దూసుకుపోవాలి. అందుకని పైన కిటికీలన్నీ బార్లా తీసి ఉంటాయి. కింద మా అత్తగారు గ్రోజ్దా గదిలో మాత్రం కిటికీ సందుల్లో పాత కాగితాలు కుక్కి ఉంటాయి. ఎదురెదురు కిటికీల మధ్య ఈడ్చి కొట్టే గాలిని మేం ప్రొమాయ అంటాం. మెడ పట్టేసినా, పన్ను సలిపినా, మొగుడు అలిగి మాట్లాడకపోయినా తప్పు ప్రొమాయదే. మా అత్తగారి దృష్టిలో అయితే యమధర్మరాజు కూడా దాని కింద బంట్రోతు.

అత్తగారి కుడిచెయ్యి రొమ్ము దాటి పైకి లేవదు. ఎప్పుడో, మేమిద్దరం ఇంకా కొత్త కోడళ్ళుగా ఉన్న రోజుల్లో, ఆవిడకి కుడి రొమ్ములో కంతి వస్తే తీసేశారు. ఇంటికొచ్చాక నొప్పికి చెయ్యి కదపలేక, ఉన్ని శాలువాతో ఒంటికి కట్టేసుకుని చలికాలమంతా అలాగే కూర్చుంది. వసంతానికి శాలువా విప్పితే చెయ్యి బిగుసుకుపోయింది. ఎవరడిగినా ఆవిడ చెప్పేది ఒకటే. "బస్సులో వస్తుంటే డ్రైవరు కిటికీ తీశాడు. ఆ గాలే నా చెయ్యి పట్టేసింది." దాని వెనకాలే ఇంకోటి. "పళ్ళు బిగించి భరించాను. ఒక్క అరుపు అరవలేదు. నమ్మకపోతే ఆ ఆసుపత్రి గోడల్ని అడుగు."

ఇప్పుడు స్తమేనాకి కూడా కుడి రొమ్ములోనే కంతి వచ్చింది.

ఎవరైనా ఏడుస్తారు. స్తమేనా ఏడవలేదు. ఆవిడ మొగుడు జ్వోంకో ఏడిస్తే, "లే, లేచి మేకమాంసం సంగతి చూడు, నేనింకా పోలేదు" అని కసిరింది. నీష్‌ పట్నంలో ఆసుపత్రికి నేనే వెంట వెళ్ళాను. కోత కోసే పెద్ద డాక్టరుతో మొహమాటం లేకుండా చెప్పేసింది.

"రొమ్ము తీసుకోండి, మీకే వదిలేస్తున్నా. చెయ్యి మాత్రం నాది నాకు కావాలి."

"చెయ్యి నా చేతిలో కన్నా మీ చేతిలోనే ఎక్కువుందమ్మా" అన్నాడాయన. "మర్నాటి నుంచే కదపాలి. భయపడి దాచుకుంటే బిగుసుకుపోతుంది."

"నొప్పితో ప్రాణం పోతుంటే ఎలా కదపను? మా అత్తగారిని చూస్తూనే ఉన్నాగా ఇన్నేళ్ళూ."

అప్పుడాయన మత్తుడాక్టరు దగ్గరికి పంపాడు. ఇసిదోరా అని చిన్నపిల్ల. నిజంగా చిన్నపిల్లే, స్తమేనా కూతురి కన్నా చిన్నది. జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని వచ్చి మంచం అంచున కూర్చుంది. నాకు చూడగానే నమ్మకం కుదర్లేదు. నేను మూతి ముడుచుకోవడం చూసి స్తమేనా నా కాలు తొక్కింది.

"డాక్టరమ్మా, మత్తు ఎలా ఇస్తావో నాకొద్దు. మత్తు దిగాక నా గతేంటో చెప్పు."

"రొమ్ముకొచ్చే నరాలన్నీ వెన్నుపూస పక్కనుంచి బయల్దేరతాయండీ. పక్కటెముకల కింద నుంచి ముందుకొస్తాయి. నేను ఆ వెన్ను పక్కనే సూదితో మందు వేస్తాను. ఇక్కడ కోసినా కుట్టినా ఆ కబురు మెదడు దాకా పోదు."

"కబురు దారిలోనే ఆపేస్తావన్నమాట."

"అంతే."

"మరి చెయ్యో? అదీ మొద్దుబారిపోతే నేనేం కదిపేది?"

"చేతి నరాలు మెడ దగ్గర్నుంచి వస్తాయి. వాటి జోలికి నేను పోను. చెయ్యి మీ మాట వింటుంది."

"లోపల చీకట్లో ఎక్కడ గుచ్చుతున్నావో నీకెలా తెలుస్తుంది?"

"గర్భిణీలకు స్కానింగు చేస్తారే, అలాంటి యంత్రమే. తెర మీద సూదిని చూస్తూ వెళ్తాను. పక్కనే ఊపిరితిత్తి ఉంటుంది కదా, అందుకే చూడకుండా అడుగు వెయ్యను. ఒక్కోసారి మందు సగమే పనిచేస్తుంది, ఆ మాటా ముందే చెబుతున్నా. అలా అయితే వేరే మందులు ఉండనే ఉన్నాయి. వెంట్రుకంత సన్నటి గొట్టం కూడా అక్కడే వదులుతాను. కోత అయ్యాక కూడా అందులోంచి మందు కొద్దికొద్దిగా వెళ్తూనే ఉంటుంది."

ఆ పిల్ల వెళ్ళాక స్తమేనా నా వైపు తిరిగింది. "విన్నావా అక్కా? అబద్ధాలకోరైతే అంతా బ్రహ్మాండంగా ఉంటుందనేది. సగమే పనిచేస్తే ఏం చేస్తుందో కూడా చెప్పింది. నా వీపు ఈ పిల్లకే అప్పగిస్తా."

ఇంటికొచ్చి ఈ కబురు చెబితే అత్తగారు అగ్గి మీద గుగ్గిలమైంది.

"వెన్నులో సూదా? కాళ్ళు పడిపోతే ఎవరు చేస్తారే నీకు? నాకే సూదీ వెయ్యలేదు. నేను బతకలేదా?"

"బతికావు అత్తయ్యా. తల దువ్వుకోవడానికి మాత్రం ఎడమ చెయ్యే దిక్కు."

"నా చెయ్యి పోయింది గాలికి! నొప్పికి కాదు! ఈ కాలపు ఆడాళ్ళకి చీమ కుట్టినా సూది కావాలి. సుకుమారం!"

"నీలా పళ్ళు బిగించి చెయ్యి పోగొట్టుకోమంటావా నన్ను?"

అత్తగారు లేచి తన గదిలోకెళ్ళి తలుపేసుకుంది. స్తమేనా గెలిచిందని సంతోషించాల్సింది. ఎందుకో మనసంతా చేదుగా అయిపోయింది.

కోత జరిగిన రోజు నన్ను లోపలికి రానివ్వలేదు. సూది సంగతి తర్వాత స్తమేనాయే చెప్పింది. దిండు కావలించుకుని, వీపు వంచి కూర్చోమన్నారట. నర్సు భయపడకమ్మా అంటే, "భయం సంగతి తర్వాత, నువ్వు సాసేజీలో వెల్లుల్లి ఎంతేస్తావో చెప్పు" అందట. నర్సు చెప్పిన లెక్క తప్పట. దాన్ని సరిదిద్దడంలో పడి సూది చురుక్కుమన్న సంగతి కూడా సగమే గుర్తుందట.

మత్తు దిగి కళ్ళు తెరిచాక నాతో అన్న మొదటి మాట, "అక్కా, ఇంకా కొయ్యలేదా?"

"కోసేశారే పిచ్చిదానా."

"నిజంగా?" ఎడమచేత్తో దుప్పటి ఎత్తి కట్టు చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి రొమ్ము కోసం, నొప్పికి కాదు. నేనూ ఏడ్చాను. తర్వాత ముక్కు తుడుచుకుని, "ఆకలేస్తోంది" అంది. సూపు తెస్తే గిన్నె అందుకోవడానికి కుడిచెయ్యి చాచింది. ఆ చెయ్యి వణకలేదు, ఆగలేదు. నేను గిన్నె ఇవ్వడం కూడా మర్చిపోయి చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు జ్వోంకో అత్తగారిని తీసుకొచ్చాడు. ఆవిడ చంకలో సంచీ. అందులో ఆల్‌బుఖరా పళ్ళతో కాచిన సారా, మేం రేకీయ అంటాం, దాని సీసా ఒకటి, ఉన్ని శాలువా, ఉప్పు పోసి మూతి కుట్టేసిన ఉన్ని మేజోడు. జ్వోంకో కారు పెట్టడానికి పోయాడు. స్తమేనా నిద్రపోతోంది. అత్తగారు పక్కన కూర్చుంది కదా అని నేను మంచినీళ్ళకోసం కిందికెళ్ళాను. దారిలో మా ఊరావిడ ఒకతె కనబడితే నాలుగు మాటలు మాట్లాడి వచ్చాను.

వచ్చేసరికి కిటికీ గొళ్ళెం వేసి ఉంది. స్తమేనా కుడిచెయ్యి శాలువాతో ఒంటికి బిగించి కట్టేసి ఉంది. కట్టు కిందుగా, పక్కటెముకల మీద ఆ ఉప్పు మేజోడు. దగ్గరికెళ్తే ఉన్ని కమురు వాసన. చెయ్యి పెట్టి చూద్దును కదా, పొయ్యి మీంచి దించిన పెనంలా ఉంది! లాగి నేలకేసి కొట్టాను. దాని కింద చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. స్తమేనా గురక పెడుతూనే ఉంది.

"అత్తయ్యా! ఏం చేశావ్?"

"నేనేం చేశాను, మీరు చేశారు! కిటికీ తీసి పెట్టి పోతావా? గాలి కొట్టేసింది దాన్ని! ఈ పక్కంతా గిల్లి చూశానే, నిద్రలో ఉలిక్కి కూడా పడలేదు. ఊడ్చే అమ్మాయిని బతిమాలి నర్సుల కాఫీ పొయ్యి మీద ఉప్పు వేడి చేయించాను. అయినా కదల్లేదు. చచ్చిపోయిందే దోబ్రిలా, ఈ పక్క చచ్చిపోయింది!"

ఆవిడ ఏడుపు లంకించుకుంది. నాకప్పుడు జాలి పడే తీరిక లేదు. నోటికొచ్చిందల్లా అన్నాను. ఆ గొడవకి స్తమేనా లేచి, "ఎవరే ఇక్కడ ఉన్ని కాల్చింది?" అంది నిద్రమత్తుగా. తన ఒళ్ళే కాలబోయిందని ఆవిడకి తెలియదు.

నర్సు పరుగెత్తింది, ఇసిదోరా పరుగెత్తుకొచ్చింది. చల్లటి తడిగుడ్డ వేసి, వేలితో నొక్కి చూసి, ఊపిరి పీల్చుకుంది. "కందిందంతే. ఇంకాస్త ఉంటే బొబ్బలెక్కేది. గాయం పక్కనే బొబ్బలంటే మాటలా? వారాల తరబడి చెయ్యి లేపడం కుదిరేది కాదు."

ఆ మాటకి స్తమేనా మొహంలో రక్తం లేదు. ఇంత జరిగినా బెదరని మనిషి ఆ ఒక్క మాటకి బెదిరింది.

డాక్టరు అత్తగారిని తిట్టిపోస్తుందనుకున్నాను. నాకైతే తిడితే బాగుండుననే ఉంది. ఆ పిల్ల మంచం పక్క బల్ల మీద రేకీయ సీసా చూసి మూత తీసి వాసన చూసింది.

"బామ్మా, ఇది మీ ఇంట్లో కాచిందేనా?"

"మా ఇంట్లో కాక ఎవరింట్లో కాస్తారు?" అంది అత్తగారు, ఏడుస్తూనే.

"ఇలా రండి. ఈ దూదికి కాస్త అద్దండి. ఇప్పుడు ఆవిడ మెడ మీద రాయండి."

అత్తగారు భయంభయంగా రాసింది. "చల్లగా ఉందా?" అని డాక్టరు అడిగితే, "ఉంది" అంది స్తమేనా. "మెడ కింద ఎముక మీద?" "చల్లగానే ఉంది." "కాస్త కింద?" "ఏదో తగులుతోంది, చలీ లేదు వేడీ లేదు." పక్కటెముకల మీద అసలేమీ తెలియలేదు. నడుం దగ్గరికొచ్చేసరికి మళ్ళీ చల్లగా తగిలింది. ఇసిదోరా జుట్టులో పెన్ను తీసి, చలి తెలిసిన చోటికీ తెలియని చోటికీ మధ్య చర్మం మీద గీత గీసింది.

"ఈ గీతల మధ్యంతా నేను నిద్రపుచ్చాను బామ్మా. గాలి కాదు, నేను. వేడి పెడితే ఆవిడకి తెలియదు, కాలిపోతుంది. ఇప్పుడు చేతి మీద రాయండి."

అత్తగారు శాలువా సందులోంచి వేళ్ళ మీద దూది పెట్టింది.

"అబ్బ, చల్లగా ఉంది అత్తయ్యా! పోస్తున్నావేంటి సీసా మొత్తం?"

"చెయ్యి బతికే ఉందా?"

"బతికే ఉంది" అంది ఇసిదోరా. "మీరే కట్టేశారు."

అత్తగారు తనే వంగి, ఎడమచేత్తో ముడి విప్పడం మొదలుపెట్టింది. నేను సాయం చెయ్యబోతే వద్దంది. శాలువా జారాక స్తమేనా మెల్లగా చెయ్యి ఎత్తింది. భుజం ఎత్తుదాకా వచ్చింది.

"ఇవాళ్టికి అక్కడ ఆపండి" అంది డాక్టరు. "నొప్పా?"

"లాగుతోంది. కొత్త చొక్కా చంకలో బిగుతుగా ఉంటుంది చూడు, అలా. నొప్పి కాదు." అని మావైపు చూసి నవ్వింది. "రేపు అక్కతో దెబ్బలాడొచ్చు."

ఆ తర్వాత పూటపూటకీ చెయ్యి కదపడమే పని. గోడ మీద వేళ్ళు పాకించేది, భుజాలు తిప్పేది. పక్క మంచాలవాళ్ళకి కూడా తనే పంతులమ్మ అయి కూర్చుంది. అత్తగారు ఇంటికి పొమ్మన్నా పోలేదు. నీష్‌లో మా చుట్టాలింట్లో దిగి రోజూ వచ్చి ఓ మూల కుర్చీలో కూర్చునేది. కిటికీ తెరిచి ఉన్నా నోరెత్తేది కాదు. నాకు అనుమానం వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగాను. "నీ పని చూసుకోవే" అంది. సరే, బాగానే ఉంది అనుకున్నాను.

వీపులో గొట్టం తీసేసే రోజు వచ్చింది. స్తమేనా పైకి జోకులేస్తోంది కానీ నా చెయ్యి వదలడం లేదు. మందు ఆగితే నొప్పి వస్తుంది, నొప్పి వస్తే చెయ్యి దాచుకోవాలనిపిస్తుంది, దాచుకుంటే ఏమవుతుందో చెప్పడానికి అత్తగారు కుర్చీలో కూర్చునే ఉంది. పొద్దున తీశారు. మధ్యాహ్నానికి నొప్పి రానే వచ్చింది. స్తమేనా మొహం చిట్లించింది, మాత్ర మింగింది, మూలిగింది. ఇసిదోరా వచ్చి ఎలా ఉందని అడిగింది.

"ఉంది. రోజంతా సీసా నొక్కి పడుకున్నప్పుడు ఉండేంత. దీనికేనా నేనింత భయపడింది?"

"అయితే తల దువ్వుకోండి, చూద్దాం."

నేను దువ్వెన ఇచ్చాను. స్తమేనా కుడిచేత్తో అందుకుంది. చెయ్యి భుజం దాటింది, చెవి దాటింది, ఒకచోట ఆగింది. పళ్ళ సందుల్లోంచి ఊపిరి తీసుకుని మళ్ళీ ఎత్తింది. దువ్వెన నడినెత్తిన ఆనింది. అక్కణ్ణుంచి మెడ దాకా ఒక్క పాయ దువ్వి, "అమ్మయ్య" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. పక్క మంచాలవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను ఆవిడ నుదుటి మీద ముద్దు పెట్టి, వెంటనే, "పాపిడి వంకర" అన్నాను.

కుర్చీలో అత్తగారు ఏడుస్తోంది.

మొదట సంతోషమనుకున్నాను. సంతోషం అలా ఉండదు. చేతిరుమాలు నోట్లో కుక్కుకుని, ఒళ్ళంతా కదిలిపోయేలా ఏడుస్తోంది. స్తమేనా దువ్వెన పక్కన పెట్టి, "ఏంటి అత్తయ్యా? నేను బాగానే ఉన్నాగా" అంది.

"నువ్వు బాగానే ఉన్నావే తల్లీ. నీకు ఆ పిల్ల ఉంది. నాకెవరూ లేరు." గుక్క తిప్పుకుంది. "అరవలేదు, అరవలేదు అని చెప్పానే ఇన్నేళ్ళూ. అరిస్తే పక్కవాళ్ళు సిగ్గులేనిదంటారని అరవలేదు. దిండు కొరికాను. చెయ్యి కట్టుకుంది గాలికి కాదు. కదిపితే చచ్చిపోతానేమో అనిపించేది. అందుకు."

ఇసిదోరా వెళ్ళి ఆవిడ కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"బామ్మా, ఆ నొప్పి ఇంకా ఉందా?"

"ఎప్పుడు పోయింది కనుక?" అంది అత్తగారు. "రైక తగిలితే మంట. చన్నీళ్ళు తగిలితే మంట. గాలి తగిలినా మంటే."

కిటికీ ముయ్యండర్రా అని ఆవిడ అరిచిన అరుపులన్నీ నా చెవుల్లో మోగాయి. ఎన్నిసార్లు వెనకాల వెక్కిరించామో, నేనూ స్తమేనా! అది చాదస్తం కాదు. ఆవిడకి గాలి తగిలితే నిజంగానే నొప్పి. ఒక ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర ఇన్నేళ్ళు వంట చేసుకుని తింటూ ఆ సంగతి మాకెవరికీ తెలియలేదు.

"చెయ్యి పైకి లేపిస్తానని మాటివ్వను" అంది ఇసిదోరా. "చాలా కాలమైపోయింది. మంట సంగతి మాత్రం చూద్దాం. ఒక్క సూదితో మొత్తం పోదు, కొంత తగ్గినా తగ్గినట్టే. వచ్చే వారం వస్తారా?"

"ఈ వయసులోనా?" అని అత్తగారు నసిగింది.

"వస్తుంది" అంది స్తమేనా. "నేను తీసుకొస్తా."

తీసుకొచ్చింది. ఇంట్లో పడుకోమని డాక్టరు చెప్పినా, జ్వోంకో గోల పెట్టినా వినకుండా ముందు సీట్లో కూర్చుని వచ్చింది. అత్తగారు దిండు కావలించుకుని మంచం మీద కూర్చుంది. వీపు మీద చల్లటి మందు దూది తగలగానే ముడుచుకుపోయింది. ఇసిదోరా తెర వైపు చూస్తూ సూది అందుకుంది. అప్పుడు మా అత్తగారు, దిండు కొరికి గర్వంగా బతికిన ఆ మనిషి, తల తిప్పకుండా చిన్న గొంతుతో అడిగింది.

"నొప్పెడుతుందా?"

"కొంచెం చురుక్కుమంటుంది అత్తయ్యా" అంది స్తమేనా. కుడిచెయ్యి ఎత్తి ఆవిడ భుజాల చుట్టూ వేసింది. "అరవాలనిపిస్తే అరువు."

అరిచింది. నడవా చివరిదాకా వినబడేలా అరిచింది. స్తమేనా చెయ్యి తియ్యలేదు.